ముందు దీపం దించాలె

జర దగ్గరికి జరుగుండ్రి పిల్లలూ, చాప మీద కూసోండ్రి. అలివేలూ, నీ పలక ఇటు తే. ఏందమ్మా గింత తొందర? పగటి బువ్వ తిన్నంక బడికి రానని పొద్దున్నే సెలవడిగినవ్. గా ధ్యాసల్నే లెక్క చేసినట్టుంది.

పైన x² − 9, కింద x − 3. పైదాన్ని (x + 3)(x − 3) అని విడగొట్టినవ్. మంచిగుంది. పైన x − 3, కింద x − 3 కొట్టేసినవ్. మిగిలింది x + 3. అదీ సరే. మరి x మూడైతే?

ఆరా? గట్లెట్లయితది బిడ్డా! మొదటి లెక్కల పెట్టి చూడు. హారంల ఏమొచ్చింది?

ఆఁ... సున్నా. సున్నాతోటి భాగించేదుంటదా? కొట్టేస్తే పోయిందనుకున్నవ్. పోలే. కనవడకుంట అయింది, గంతే. పైకంతా సాపుగ ఉంది, మూడు కాడ గుంత ఉంది. అందుకే కొట్టేసే ముందే పక్కన రాయాలె, x మూడు కారాదని.

నవ్వకుర్రి. ఎనభై మూడుల నేను బిజినేపల్లి దిక్కు పనిచేసినప్పుడు రామన్నని ఒకాయన ఉండె. భూమిల పాతర తవ్వి జొన్నలు దాచుకునేటోడు. పాతర తెరిస్తే ఏం చేస్తరు? మూత తీసి గాలాడనిస్తరు, ముందు దీపం దించుతరు. దీపం ఆరిందా, లోపల పాడు గాలున్నట్టే. మనిషి దిగొద్దు.

రామన్నకు ఏ యేడూ దీపం ఆరలే. 'నా పాతర నాకు తెల్వదా' అని ఆ యేడు దీపం మాటే కొట్టేసిండు. ముసురుకు అడుగున జొన్నలు మురిగిన సంగతి ఆయనకేం ఎరుక? నిచ్చెనేసుకొని దిగిండు. పెండ్లాం కాంతమ్మ పైన తాడు పట్టుకొని నిలవడ్డది, గంప నిండితే గుంజుదామని. గంప నిండనే లేదు. ఆమె పిలుస్తనే ఉంది.

ఏందే అలివేలూ, గట్ల తెల్లబోయినవ్?

మీ పాతరా? పోయిన వానకు దాంట్ల నీళ్ళు దిగినయి కదనే!

తిన్నంకనే తెరుస్తరా? ఎవరు దిగుతరు?

నువ్వా?

పాతర నోరు ఇరుకని, నువ్వు సన్నగున్నవని నిన్ను దించుతడా మీ నాయిన? అందుకేనా సెలవు? దీపం సంగతి అడిగినవా మరి?

'ఎన్నడన్న ఏమన్న అయిందా' అన్నడా... ఊఁ. రామన్న గూడ గదే అన్నడు.

లే బిడ్డా. గా మూలకున్న లాంతరు తీసుకో. గాసునూనె ఉందా చూడు. నేనూ వస్త. పంతులుకు పనిలేదా అని మీ నాయిన నవ్వుతడు. నవ్వనీ. ఇయ్యాల నీకన్న ముందు గీ లాంతరు దిగుతది.

మీరేం చూస్తుండ్రు? లేవుండ్రి, ఇండ్లకు పోయి బువ్వ తినుండ్రి. పాతర దిక్కు మాత్రం ఒక్కరూ రావద్దు.