బుల్లి బండి రూపకర్తకు అభినందన, ఒక నివేదికకు సవరణ

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం జూలై పదకొండవ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, చొక్కా జేబులో ఒక పెన్సిలు, ప్యాంటు జేబులో ఒక ఉక్కు టేపు పెట్టుకుని, ఇరవై నాలుగేళ్ల యువకుడొకరు మన కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. గేటు దగ్గర కాపలాదారు ఆ టేపును చూసి, "లోపల బోలెడున్నాయి, ఇదెందుకు?" అని అడిగితే, "అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి" అన్నారట. ఆ పూటతోనే ఆయన అసలు పేరు మరుగున పడింది. ముప్పై ఆరేళ్లుగా యజమాని మొదలు క్యాంటీన్ వంటమనిషి వరకు అందరికీ ఆయన టేపు సారే. ఈ నెలాఖరున రేసు కార్ల విభాగం ముఖ్య రూపకర్తగా పదవీ విరమణ చేస్తున్న ఆ పెద్దమనిషిని అభినందించే భాగ్యం నాణ్యతా విభాగంలో పనిచేసే ఈ వ్యాసకర్తకు లభించింది. లభించిందనడం కంటే ఆయనే పట్టుబట్టి అప్పగించారనడం నిజం. ఎందుకు అప్పగించారో చెప్పడమే ఈ వ్యాసం పని.

తొలి పన్నెండేళ్లు వారు బస్సుల బాడీలు గీశారు. నిలబడి ప్రయాణించేవారు పట్టుకునే కమ్మీ ఎంత ఎత్తున ఉండాలో తేల్చడానికి మూడు వారాలపాటు సిటీ బస్సుల్లో తిరిగి, టిక్కెట్టు కొన్న ప్రతి మనిషినీ కళ్లతో కొలిచి వచ్చిన ఘనత వారిది. ఆ రోజుల్లో ఒక కండక్టరు వారిని జేబుదొంగగా అనుమానించి దించేసిన సంగతి నేటికీ డిజైన్ గదిలో చెప్పుకుని నవ్వుకుంటారు. రెండు వేల ఒకటిలో మన సంస్థ రేసు కార్ల తయారీకి పూనుకున్నప్పుడు, ఆ కొత్త విభాగానికి మొట్టమొదట పిలిచింది వారినే.

వారి గృహజీవితం గురించి వారి సతీమణి చెప్పిన ముచ్చట ఒకటి ఇక్కడ ప్రస్తావించకుండా ఉండలేము. "పెళ్లైన కొత్తలో వంటింటి అర అందక మునివేళ్ల మీద నిలబడేదాన్ని. పుట్టింటికెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చి చూస్తే అర జానెడు కిందికి దిగి ఉంది. నా చెయ్యి ఎంతవరకు అందుతుందో నాకు తెలియకుండా ఎప్పుడు కొలిచారో ఏమో. పోనీ ఒక్క మంచి మాట అన్నారా అంటే, ఒట్టు. ఆ అర దించడమే ప్రేమనుకోవాలి" అన్నారావిడ. పక్కనే కూర్చున్న సారు, "జానెడు కాదు, నూట ఎనభై మిల్లీమీటర్లు" అని సరిదిద్దారు. మనిషిని కొలిచి వస్తువును చెయ్యాలి తప్ప వస్తువుకు సరిపడా మనిషిని కుదించకూడదన్నది వారు వంటింట్లోనూ వదలని నియమం. ఆ నియమాన్ని వారు జీవితంలో ఒక్కసారి మరిచిపోయారు. ఆ ఒక్కసారి ఎక్కడ జరిగిందో ఈ కర్మాగారంలో తెలియనివారు లేరు, పైకి అనేవారూ లేరు.

రెండు వేల తొమ్మిదిలో, రేసింగు నేర్చుకునే పిల్లల కోసం చవకగా, భద్రంగా ఉండే తొలిమెట్టు కారు ఒకటి తయారు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. అంతవరకు ఆ ఆట బాగా కలిగినవారి పిల్లలదే. మెకానిక్కు కూతురు, టీచరు కొడుకు కూడా ఎక్కగలిగే బండి కావాలన్నది సారు పట్టుదల. ఖరీదైన కార్బన్ పలకలకు బదులు ఉక్కు గొట్టాల చట్రం, ఎవరూ విప్పి మార్చకుండా సీలు వేసిన మోటారుసైకిలు ఇంజను, ఏ వీధి వర్క్‌షాపులోనైనా సరిచేసుకోగల సాదా రేకులు, ఢీకొంటే నలిగి దెబ్బను తాను తీసుకునే ముక్కు పెట్టె: ఇవన్నీ వారి ఆలోచనలే. తల మీది రక్షణ కమ్మీని సన్నం చేస్తే బండి ఇంకా చవకవుతుందని పైవారు అన్నప్పుడు, "సన్నం చెయ్యండి, కానీ ఆ నక్షా కింద నా సంతకం ఉండదు" అని చెప్పి కుర్చీలోంచి లేచి వెళ్లిపోయారు. కమ్మీ సన్నబడలేదు. రెండు వేల పదకొండులో బయటికొచ్చిన ఆ కారును అందరూ బుల్లి బండి అన్నారు.

అన్నిటికీ మడమ తిప్పని సారు ఒక్క సీటు దగ్గర రాజీపడ్డారు. మూడు కొలతల సీట్లు చేస్తే మూడు అచ్చులు కావాలి. ఒకే కొలత అయితే బండి ధర దిగుతుంది. నమూనా సీటులో మన టెస్ట్ డ్రైవరును కూర్చోబెట్టి కొలతలు తీసుకున్నారు. ఆయన బక్కపలచని మనిషి కనుక పిల్లలకూ అదే సరిపోతుందని అందరూ అనుకున్నారు. ఈ వ్యాసకర్తా అనుకున్నాడు. ఢీకొట్టి చూసే పరీక్షలో సీటులో పెట్టిన ఇసుక బస్తాలు కూడా ఎదిగిన మనిషి బరువువే. పిల్లల కోసం చేసిన బండిలో ఒక్క పిల్లనైనా కూర్చోబెట్టి ఎవరూ కొలవలేదు. బండితోపాటు ఇచ్చే చిన్న పుస్తకంలో మాత్రం ఒక ముక్క రాసి చేతులు దులుపుకున్నాం: "చిన్న శరీరం గలవారు సీటులో తగిన మెత్తను అమర్చుకోవలెను." ఆ మెత్త ఎంత మందం ఉండాలో, ఎంత గట్టిగా ఉండాలో పుస్తకంలో లేదు.

రెండు వేల పదమూడులో ఆ బండి నడిపిన పిల్లల్లో పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె ఉండేది. చూడడానికి పిడికెడంత ఉంటుందని మెకానిక్కులు ఆమెను గుప్పెడు అని పిలిచేవారు. తండ్రి కార్ల సీట్లు కుట్టే దర్జీ. పెడళ్లు కాలికి అందక కూతురు ముందుకు జారి కూర్చుంటోందని గమనించి, మన పుస్తకంలో చెప్పిన ప్రకారమే ఆయన ఒక మెత్త కుట్టారు. తన దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మెత్తని ఫోము తీసి కుట్టారు. కుట్టు ముడి వీపుకు గుచ్చుకుంటుందేమోనని మూడుసార్లు విప్పి మళ్లీ కుట్టారని ఆ అమ్మాయి తల్లి తర్వాత చెప్పారు.

ఆ ఏడాది ఐదో పోటీలో, వాన తడి ఆరని మలుపులో బండి జారి టైర్ల గోడను ఎదురుగా ఢీకొట్టింది. చట్రం వంగలేదు. ముక్కు పెట్టె నలగవలసినట్టే నలిగింది. బెల్టులు తెగలేదు. కానీ మెత్తని ఫోము ఒక్కసారిగా అణిగిపోయి, బిగుతుగా ఉన్న బెల్టు వదులై, ఆ చిన్న శరీరం దాని కిందికి జారి, బెల్టు కడుపులోకి నొక్కుకుపోయింది. బండిని చూసినవారు బిడ్డకు ఏమీ కాలేదనుకున్నారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఆమె చనిపోయింది.

విచారణకు ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. మన కర్మాగారం తరఫున అందులో కూర్చున్నది, నివేదికను తన చేతితో రాసినది ఈ వ్యాసకర్తే. అందులోని కీలక వాక్యం ఇది: "కుటుంబ సభ్యులు అమర్చిన అనుచితమైన మెత్త కారణంగా ప్రాణనష్టం సంభవించినది." అక్షరాలా చూస్తే అందులో అబద్ధం లేదు. అందుకే దాన్ని రాయడం అంత తేలికైంది. నివేదిక చదివి కర్మాగారం ఊపిరి పీల్చుకుంది.

ఊపిరి పీల్చుకోనిది టేపు సారు ఒక్కరే. ఆ సీటు నక్షా తనదనీ, పిల్లల కొలత తీసుకోకపోవడం తన తప్పనీ, మెత్త ఎలా ఉండాలో చెప్పకుండా కుట్టినవారిని తప్పుపట్టడం న్యాయం కాదనీ రెండు పేజీలు రాసి మేనేజరు గారి బల్ల మీద పెట్టారు. మేనేజరు గారు తలుపు వేసి చెప్పిన మాటలు, గదిలోనే ఒక పక్క నిలబడి ఉన్న ఈ వ్యాసకర్త చెవిన పడ్డాయి.

"మీరు ఒప్పుకుంటే మీ ఒక్కరితో పోదండీ. రేపు గేటుకి తాళం పడుతుంది. మూడొందల కుటుంబాలు. వాళ్లకేం చెబుతారు?"

"ఆ ఒక్క కుటుంబానికి ఏం చెప్పాలి సార్?"

"వెళ్లి పలకరించండి. ఎవరొద్దన్నారు? కాగితం జోలికి మాత్రం పోకండి."

ఆ రెండు పేజీలు వ్యక్తిగత అభిప్రాయమన్న ముద్రతో ఫైలులో పడ్డాయి. సారు మూడొందల కుటుంబాల కోసం నోరు కుట్టేసుకున్నారు. అందుకు వారు తమను తాము క్షమించుకోలేదు. క్షమించుకోమని చెప్పే అర్హత మనలో ఎవరికీ లేదు.

తరువాతి రెండేళ్లు వారు మనిషి మనిషిలా లేరు. టేపు పట్టుకుని బడుల చుట్టూ తిరిగి, పన్నెండు నుంచి పదిహేడేళ్ల మధ్య వయసున్న రెండువందల పన్నెండు మంది పిల్లల్ని తల నుంచి తొడ దాకా, తొడ నుంచి మడమ దాకా కొలిచారు. వారు కొత్తగా గీసిన బుల్లి బండిలో సీట్లు మూడు కొలతల్లో ఉంటాయి. పెడళ్లు ముందుకూ వెనక్కూ జరుగుతాయి. భుజం బెల్టును మూడు ఎత్తుల్లో బిగించవచ్చు. అణగని గట్టి మెత్త బండితోపాటే వస్తుంది. అమ్మేముందు పిల్లను అందులో కూర్చోబెట్టి, బెల్టుకీ ఒంటికీ మధ్య ఎన్ని వేళ్లు దూరుతున్నాయో చూడనిదే బండి గేటు దాటకూడదన్న నిబంధన వారిదే. అచ్చుల ఖర్చును ఎలా సర్దుబాటు చేయాలో కూడా వారే చూపించారు. బండి ధర పెరగలేదు. అంటే మొదట్లోనే చేసి ఉండవచ్చన్నమాట. ఆ మాట మన సమావేశంలో అన్నదీ వారే. ఈ తొమ్మిదేళ్లలో నాలుగు పెద్ద ప్రమాదాలు జరిగాయి. నాలుగుసార్లూ పిల్లలు తమంతట తాము దిగి నడిచొచ్చారు. మొదటిసారి మనం మిఠాయిలు పంచబోతే వారు పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఏటా ఒకసారి వారు ఆ దర్జీ గారి ఇంటికి వెళ్తారు. నిరుడు ఈ వ్యాసకర్తనూ వెంటబెట్టుకెళ్లారు. దుకాణంలో కుట్టుమిషను ఉంది, రెగ్జిను చుట్టలున్నాయి, ఫోము ముక్క ఒక్కటి లేదు. ఆయన సీట్లు కుట్టడం మానేసి సంచులు, లారీ టార్పాలిన్లు కుడుతున్నారు. చూపు మసకబారడంతో సూదిలో దారం భార్యే ఎక్కిస్తున్నారు.

"తప్పు నాదండీ. మీరు కుట్టింది పుస్తకంలో మేం రాసినట్టే. రాయడం మాకు చేతకాలేదు" అని సారు ఎప్పటిలాగే చెప్పారు.

ఆయన నొచ్చుకోకుండా, కాస్త జాలిగా కూడా నవ్వారు. "మీది మంచి మనసు బాబూ. నన్ను ఓదార్చడానికి ఏటా ఇంత దూరం వస్తారు. కానీ కాగితం మీద ఉన్నది వేరే కదా. అది చదువుకున్నవాళ్లు ముగ్గురు కూర్చుని రాసింది."

ఆ ముగ్గురిలో ఒకడు ఎదుటి స్టూలు మీద కూర్చుని, ఆవిడ ఇచ్చిన టీ చివరి చుక్కదాకా తాగాడు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఈ సంచిక కోసం ఫొటోలూ వివరాలూ అడగడానికి పోయిన నెల సారు గదికి వెళ్తే, వారు ఫొటో ఇవ్వలేదు.

"నా గురించి రెండు ముక్కలు రాసినా చాలు. రాయకపోయినా ఫర్వాలేదు. ఆ వాక్యం నువ్వు రాశావు. అది తప్పని నువ్వే రాయాలి."

"రిటైర్మెంటు పుస్తకంలోనా సార్?"

"మరి ఇంకెక్కడ రాస్తావు? పదకొండేళ్లుగా చూస్తున్నాను. అచ్చయ్యేది ఇదొక్కటే. నేను చెబితే ఆ దర్జీ గారు ఓదార్పనుకుంటున్నారు. ఆయన నమ్మేది కాగితాన్నే."

అభినందన సంచికలో ఇటువంటి ప్రస్తావన సముచితం కాదంటూ సంపాదక వర్గం ఈ భాగాన్ని తీసేయమని రెండుసార్లు కోరింది. తీసేస్తే వ్యాసం మొత్తం తీసేయవలసి వస్తుందని, వ్యాసం లేకపోతే సారు సన్మానానికి రారని చెప్పాక ఊరుకుంది. అధికారిక నివేదిక నేటికీ మారలేదు. దాన్ని మార్చే అధికారం ఈ వ్యాసకర్తకు లేదు. ఉన్న అధికారం తన వాక్యాన్ని తాను వెనక్కి తీసుకోవడం వరకే. కనుక సహోద్యోగులూ కుటుంబ సభ్యులూ అందరి సమక్షంలో ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: ఆ అమ్మాయి ప్రాణం పోవడానికి కారణం తండ్రి కుట్టిన మెత్త కాదు. పిల్లల బండికి పిల్లల్ని కొలవని మా నక్షా, ఏ మెత్త వాడాలో చెప్పని మా పుస్తకం కారణం. ఆ తండ్రి మేము చెప్పినదే చేశారు, మేము చేయవలసినదానికంటే శ్రద్ధగా చేశారు. ఆ సంగతి తెలిసీ వేరేగా రాసినవాడు ఈ వ్యాసకర్త.

ఈ సంచిక తొలి ప్రతి సన్మాన వేదిక మీదికి కాక ఆ దుకాణానికి వెళ్తుంది. చదివి వినిపించవలసిన నోరు సారుది కాదు, రాసినవాడిదే. సారు పక్కన కూర్చోవడానికి ఒప్పుకున్నారు. ముప్పై ఆరేళ్లు మన పిల్లల ఒళ్లు కాపాడేందుకు తన ఒళ్లు మరిచిన టేపు సారు గారు సతీసమేతంగా ఆయురారోగ్యాలతో, నిండు నూరేళ్లు, కంటినిండా నిద్రతో జీవించాలని సంస్థలోని అందరి తరఫునా మనసారా కోరుకుంటున్నాము. ఆ దర్జీ గారికీ అంతే ఆయుష్షు ఉండాలని కోరుకుంటున్నాము. ఒక్కసారి చదివితే ఆయన నమ్మరు. ఎన్నిసార్లైనా వెళ్లి చదవాలి.