బొచ్చెల మందు

అటు తిరిగి పడుకుంటే ఊరుకుంటాననుకున్నారా? ఇటు తిరగండి. వార్డంతా వింటే విననివ్వండి, నాకింక సిగ్గేం లేదు.

ఏవండీ, మొదట అయోడిన్ డ్రెస్సింగు వేశారా? మంటన్నారు. సరే, మీ పోరు పడలేక తేనె డ్రెస్సింగుకి మార్చారు. ఆస్పత్రివాళ్ళు శుద్ధి చేసిన తేనండీ అది, మన వంటింటి సీసాలోది కాదు. చీమలు పడతాయన్నారు! చివరికి వెండి కలిపిందని ఆ ఖరీదైనది వేయించాం. అదీ దండగే అన్నారు. పెదపాడు అంతా తిరిగి ఏ డ్రెస్సింగు గొప్పదో తీర్పులు చెప్పొచ్చారు. మన చేపల చెరువులో నత్తగుల్ల కోసుకున్న కాలి బొటనవేలు మాత్రం నల్లబడుతూనే ఉంది.

సారమ్మ సిస్టరు మొదట్లోనే చెప్పింది కదా. "ఏ డ్రెస్సింగైనా క్రిముల్ని కాస్త అదుపు చేస్తుందంతే. షుగరు కాలండీ, తడి తగలకూడదు, కాలు కింద పెట్టకూడదు" అని. గంగిరెద్దులా తల ఊపారు.

నేనేమో పిచ్చిదాన్ని, డాక్టరు గారి మీద నోరు పారేసుకున్నాను. "మంచి మందు దాచుకుని మాకు నాసిరకం వేస్తున్నారా?" అన్నానండీ! పాపం, ఆయన ఇవాళ కట్టు విప్పి, "అమ్మా, లోపల ఈ బురదెక్కడిది?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఏంటీ, తెల్లారగట్ల గాలందక చేపలు పైకి తేలతాయని భయమా? చూడ్డానికి పక్క చెరువు హేమంత్‌కుమార్ లేడూ? నాకు ఫోన్లో అంతా చెప్పింది అతనే. కాలికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని రోజూ చెరువులో దిగారట. పైగా బొచ్చెలకి పుండ్లు పడితే చెరువులో చల్లే మందు, నీళ్ళైనా కలపకుండా, కట్టు విప్పి కాలి మీద పోసుకున్నారట! "చేపకి మానింది, నాకు మానదా?" అన్నారట. మీరేమన్నా బొచ్చె చేపా అండీ?

నొప్పి తెలీలేదా? షుగరు కాలికి నొప్పి తెలీదనే కదా అందరం అంత మొత్తుకుంది!

ఇంకో డ్రెస్సింగు ఏదన్నా ఉందేమో కనుక్కోమంటారా? తాడేపల్లిగూడెంలో మీ చెల్లెలు కొత్తదేదో చెప్పిందా? ఉంటాయండీ, లోకంలో వంద ఉంటాయి. చెరువులో ముంచాక అన్నీ ఒకటే. ఇన్నాళ్ళూ మనం డ్రెస్సింగుల్ని తిట్టుకుంటూ కూర్చున్నాం.

వినండి. మీరు మగతగా ఉన్నప్పుడు డాక్టరు గారు నన్ను బయటికి పిలిచారు. వేలు తీసెయ్యాలన్నారు. ఆలస్యం చేస్తే పాదం, ఆ తరవాత మోకాలి దాకా పోతుందన్నారు. మిమ్మల్నడిగితే చేపలు పట్టేదాకా ఆగమంటారు. అందుకే అడగలేదు. సంతకం పెట్టేశాను. రేపు పొద్దున్నే తీసేస్తారు.

తిట్టండి, పడతాను. వేలు లేని మొగుడితో ఎలాగోలా వేగుతాను గానీ, మీరు లేకుండా నా వల్ల కాదు.

ఏడుస్తున్నారా? ఏడవండి. నేను వరండాలో ఏడ్చే వచ్చాను.