ఆయన గొంతు కావాలట

హలో… ఆ, నేనే, లైన్లనే ఉన్న. ఇరవై నిమిషాల సంది మీ పాటే వింటున్న. మనిషేనా, మళ్ల రికార్డింగా?…

హమ్మయ్య. పేరేందమ్మా?… సాహితి. సరే సాహితీ, నేను రాజశ్రీని, తార్నాక నుంచి. యూనివర్సిటీ లైబ్రరీల పనిచేస్త. మా ఆయన రత్నాకర్ గారి కారు ఇన్సూరెన్స్ గురించి—

…చెప్త, చెప్త. పాలసీ నంబరు చదువుతున్న, చూసుకో…

ఆ, గదే. పోయిన వారం గాలివానకు క్యాంపస్ల చెట్టుకొమ్మ విరిగి కారు మీద పడ్డది. ముందటి అద్దం పోయింది. పైన రేకు సొట్టపోయింది. బండి గోల్నాకల షెడ్‌ల ఉన్నది. మీ కంపెనీ ఓకే అంటేనే చెయ్యి పెడ్తమంటున్నరు వాళ్లు. ఓకే అను, అంతే నా పని.

…ఎవరు అడగాల్నట?

పాలసీ ఎవరి పేరు మీదుంటే వాళ్లే. సరే. ఇగో, పక్కనే కూసున్నరు. లైబ్రరీ బయట బెంచీ మీద ఉన్నం ఇద్దరం. స్పీకర్ పెట్టిన, నువ్వనేది అన్నీ వింటున్నరు.

…ఫోన్ ఆయనకు ఇయ్యలేనమ్మా. ఇచ్చినా మాట్లాడలేరు.

…బిజీ కాదు.

…మీటింగూ కాదు తల్లీ. గొంతుల కాన్సర్. నెల కింద ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేసిన్రు. మెడ కింద రంధ్రం పెట్టిన్రు, ఊపిరి దాంట్ల నుంచే. మాట రాదు. ఇగ రాదు.

…సారీ ఎందుకులే. పని చెయ్యి చాలు.

వచ్చే సోమవారం సంది రేడియేషన్. ఆరు వారాలు, దినాం పోవాలె. ఆ రంధ్రంల దుమ్ము పడొద్దని డాక్టర్ పదిసార్లు చెప్పిండు. ఆటోల ఎట్ల తీస్కపోను? విద్యానగర్ దాటేలోపలే మన ముక్కులే నిండిపోతయి. క్యాబ్ వాళ్లు అద్దాలు దించే నడుపుతరు. అందుకే మా కారు మాకు కావాలె, సోమవారం లోపల. అర్థమైందా?…

అర్థమైంది, కానీ?…

నాకు చెప్పరా? భార్యకు?

…ఏందీ? మళ్ల అను.

థర్డ్ పార్టీ.

నేను మూడో మనిషినా సాహితీ? ఆయన మెడల ట్యూబు దినాం నాలుగుసార్లు తీసి కడిగేది నేను. రాత్రి ఊపిరి సప్పుడు మారితే లేచేది నేను. ఇగో, పాలసీ కాయితం నా చేతిలనే ఉన్నది. నామినీ, రాజశ్రీ, భార్య. మీరే అచ్చేసిన్రు. ఆయన పోతే సొంతమనిషిని, ఉన్నన్ని దినాలు మూడో మనిషినా?

…నామినీ ఎవరో కూడ చెప్పొద్దా? నా పేరు నాకు చెప్పొద్దా?

…డేటా ప్రైవసీ. ఆ, విన్న. మంచి మాటనే. మరి దినాం పొద్దుగాల లేస్తే, ‘రత్నాకర్ సార్, మీ కారు ఇన్సూరెన్స్ అయిపోతున్నది’ అని ఫోన్లు చేసేటోళ్లు ఎవరు? ఆపరేషన్ అయిన మూడో దినం ఐసీయూ బయట నిలవడితే నలుగురు చేసిన్రు. కారు రంగు కూడ చెప్పిండొకడు. ఊర్లున్నోళ్లందరికీ తెలిసిన ముచ్చట మా ఇంట్ల ఒక్క నాకే తెల్వొద్దా?

…నీ మీద కాదు. నీ మీద ఎందుకమ్మా కోపం. రోత పుడుతున్నది, అంతే.

…సరే, రూల్ ఏందో చెప్పు.

ఆయనే, ఆయన గొంతుతోనే, పేరు, పుట్టిన తేదీ చెప్పి, ‘అవును, నాకు సమ్మతమే’ అనాలె. రికార్డ్ అవ్వాలె.

సాహితీ… నేను ఇందాక చెప్పింది నీకు వినవడ్డదా?

…వీడియో కాల్ చెయ్యి. ఆధార్ కార్డు పట్టుకొని ముంగట కూసుంటరు.

…లేదా?

…అయితే ఇది విను. స్లేటు ఉన్నది ఆయన దగ్గర. ఏవండీ, అవునంటే రెండుసార్లు కొట్టండి…

విన్నవా? టక్, టక్. మా ఇంట్ల నెల సంది అవునంటే గదే.

…అది నడవదు. నాకు తెలుసు నడవదని.

…ఆ? ఓటీపీ పంపితే అయితదా? జర ముందే చెప్పొద్దా తల్లీ! పంపు. ఆయన ఫోన్ నుంచే మాట్లాడుతున్న…

రాలేదు.

…పోయిందా? ఏ నంబరుకు? చివరి నాలుగు అంకెలన్న చెప్పు…

ఏడు, ఏడు, మూడు, సున్నా. మాది కాదే.

ఉండు, ఉండు. పాలసీ కవరుకు ఒక కార్డు పిన్ను కొట్టి ఉన్నది. బాలస్వామి, ఇన్సూరెన్స్ ఏజెంట్, ముషీరాబాద్… ఏడు, ఏడు, మూడు, సున్నా.

వాని నంబరు! మా ఆయన నంబరు రాయాల్సిన కాడ వాని నంబరు రాసుకున్నడు!

…చానా మంది ఏజెంట్లు గట్లనే రాస్తరా? రెన్యూవల్ ఇంకొకరి చేతికి పోవద్దనా? అంటే మీకు తెలుసు. తెలిసే ఊకున్నరు.

…నంబరు మార్చు మరి.

…మార్చాలన్నా ఆ నంబరుకే ఓటీపీ పోతదా?

ఛీ. ఛీ, ఏం లోకమమ్మా ఇది.

కట్ చెయ్యకు. వాణ్ని కలుపుత, లైన్ల ఉండు…

హలో, బాలస్వామన్నా… నేను, రత్నాకర్ సార్ భార్యను… ఆ, ఉన్నరు, బాగనే ఉన్నరు. నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది చూడు, ఇన్సూరెన్స్‌ది… ఆ, అదే. కంపెనీ అమ్మాయి ఉన్నది, కలుపుతున్న. నంబరు చదువు, చాలు…

ఆ సాహితీ, ఉన్నవా? ఇగో, చెప్తడు. చదువన్నా…

అయిపోయిందా?

…మళ్ల ఏందమ్మా? ఓటీపీ చదివినోళ్లే పేరు కూడ చెప్పాల్నా? ఎవర్నడుగుతున్నవ్—

అన్నా?

…

ఆగండి.

ఇద్దరూ ఆగండి. ఇప్పుడు ‘నేను రత్నాకర్‌ని’ అన్నదెవరు?

…పుట్టిన తేదీ కూడ చెప్పినవా అన్నా. ‘అవును, సమ్మతమే’ అని కూడ అన్నవ్. నువ్వేమో ‘థాంక్యూ రత్నాకర్ సార్’ అన్నవ్ సాహితీ. ఆయనకు గొంతు లేదని నేను చెప్పి ఇంకా పావుగంట కాలె.

…సిస్టమ్ల వెరిఫై అయిందా. పచ్చగ వచ్చిందా.

…తెలుసన్నా. నువ్వు మా మంచికే అన్నవ్. పని అయితది, ఆదివారం కల్లా బండి చేతికొస్తది. ఊకుంటే అయిపాయె. నిజం చెప్పాల్నంటే, నేనూ ఒక్క నిమిషం ఊకుందామనుకున్న.

ఆగు. ఆయన స్లేటు మీద రాస్తున్నరు…

…

‘ప్రాక్సీ’ అని రాసిన్రు.

నీకు అర్థం కాలేదా సాహితీ? నువ్వు కాలేజీల చదువుకోలేదా? మా ఆయన ఇరవై నాలుగేండ్లు ఇదే క్యాంపస్ల హిస్టరీ చెప్పిన్రు. రోజూ హాజరు పిలిచేటోరు. ఒకని బదులు ఇంకొకడు ‘ప్రెజెంట్ సార్’ అంటే, రిజిస్టర్ల నుంచి తల ఎత్తకుండనే ‘నువ్వు కూసో, వాణ్ని రమ్మను’ అనేటోరు. అరవై మంది గొంతులు గుర్తుండేవి ఆయనకు.

ఇయ్యాల ఆయన పేరు మీరు పిలిచిన్రు. ఇంకొకడు పలికిండు. మీరు హాజరేసిన్రు. ఆయన ఇక్కడనే కూసొని విన్నరు.

భుజాలు ఊగుతున్నయి. నవ్వుతున్నరో, ఏడుస్తున్నరో నాకే తెలుస్తలేదు సాహితీ. సప్పుడు రాదు కదా.

…లేదు. పాస్ చెయ్యకు. రాసుకో, ఇందాక మాట్లాడింది రత్నాకర్ కాదు. వాళ్ల భార్యనే చెప్పింది, ఆ మూడో మనిషి. రికార్డ్ అవుతున్నది కదా? కానియ్యి.

…రిక్వెస్ట్ రద్దయితదా? కానియ్యి.

బాలస్వామన్నా, నువ్వు పెట్టెయ్యి. ఏమనకు, పెట్టెయ్యి. పాలసీ ఫారంల నీ నంబరు తీసేసినంక మాట్లాడుత నీతోని…

పోయిండు.

చెప్పు సాహితీ, దారేంది?

…బ్రాంచికి ఆయనే స్వయంగ రావాలె. డాక్టర్ కాయితం తేవాలె. అప్పుడు కూడ గ్యారంటీ లేదు.

రేపు పది గంటలకు వస్తం. ఆటోల వస్తం, మెడకు తడిబట్ట చుట్టి తీస్కొస్త. మీ కౌంటర్ ముంగట కూసోవెడ్త. ఆయన పేరు పిలవమను. పలకరు, చెయ్యి ఎత్తుతరు. అట్ల చెయ్యి ఎత్తిన మనిషిని చూసి హాజరు వెయ్యనంటే, ఆ ముచ్చట ఆయన ముఖం చూసి చెప్పమను.

…నీకు కూడ మంచి జరగాలమ్మా. ఏడవకు. నువ్వు మంచిదానివే, నీ కంప్యూటర్ మంచిది కాదు.

…ఆ, ఉంట.

ఏవండీ, పెట్టెయ్యకండి, ఇంకా ఏందో చెప్తున్నది… మిషన్ గొంతు… ఈ కాల్ ఎట్లున్నదో చెప్పాల్నట. బాగుంటే ఐదు, అస్సలు బాగలేకపోతే ఒకటి.

మీరే నొక్కండి.

…

తీస్కున్నది. రత్నాకర్ గారికి ధన్యవాదాలంట.

ఎవరు నొక్కిన్రని అడగనే లేదండీ.