పదమూడు అడుగుల లేబులు

మామిడి సీజను మొదలైతే బంగారుపాళ్యంలో ఎవరికీ ఊపిరి సలపదు, ఒక్క యోగానందకు తప్ప. హైవే పక్కన అతనికొక కంప్యూటరు అంగడి ఉంది. పెళ్లి పత్రికలు, కటౌట్లు, డబ్బాల లేబుళ్లు అన్నీ అందులోనే గీస్తాడు. అయితే అంగట్లో కంటే కుప్పమ్మ టీకొట్టు బల్ల మీదే ఎక్కువ దొరుకుతాడు.

ఆ మధ్యాహ్నం అతని ఎదురుగా ప్రేమానందం కూర్చుని ఉన్నాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ స్టోరులో చేరి నెల కూడా కాలేదు. పోయిన సీజనులో లేబులు పొట్టిగా వచ్చి డబ్బాకు చుట్టుకోకపోతే, ఆ సీట్లో ముందున్న మనిషిని ఇంటికి పంపించేశారు. ఈసారి లేబులు ప్రింటు నాలుగు గంటల చిత్తూరు బస్సెక్కి, అక్కడి నుంచి శివకాశి ప్రెస్సుకు పోవాలి. పొడవు పదమూడు అంగుళాలు ఉండి తీరాలి. ప్రేమానందం సంచిలో ఖాళీ డబ్బా పెట్టుకునే వచ్చాడు. ప్రింటు మాత్రం చుట్టగా చుట్టి యోగానంద చంకలో ఉంది.

"అన్నా, ఒక్కసారి ఇట్లిస్తే డబ్బాకు చుట్టి చూసుకుంటా."

"నలుగుతుందప్పా! నలిగితే శివకాశోళ్లు ముట్టుకోరు. అయినా కొలత సంగతి నువ్వు నాకు చెప్తావా? మొన్న ఏం జరిగిందో తెలుసునా నీకు?"

తెలియదని చెప్పేలోపే మొదలుపెట్టేశాడు.

"బొమ్మ గీసే సాఫ్ట్‌వేరులో కొలత గీత అని ఒకటి ఉంటాది. ఈ కొస నుంచి ఆ కొసకు లాగితే ఎంత పొడుగో అదే రాసి చూపిస్తాది. నీ లేబులు మీద లాగినాను. పదమూడు అడుగులు అనింది! అడుగులప్పా, అంగుళాలు కాదు. ఇంగొకడైతే కంప్యూటరు ఎత్తి బావిలో ఏసుంటాడు. నేను మౌసు పక్కన పెట్టి, కన్నార్పకుండా దాన్నే సూస్తా అరగంట కూర్చున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? చెమటలు పట్టేసినాయి."

"నీకా?" అంది కుప్పమ్మ, టీ వడకడుతూ.

"కంప్యూటరుకు! అప్పుడు లోపలికి దిగినాను. ఆ గీతను నడిపించే నరం ఒకటి ఉంటాది, తలవెంట్రుక కంటే సన్నం. దాన్ని పట్టుకుని రవంత మెలి తిప్పినా. ఠక్కని పదమూడు అంగుళాలు! మద్రాసు నుంచి ఆ సాఫ్ట్‌వేరు అమ్మేవాళ్లు ఫోను చేసి, ఎట్లా చేసినావు సామీ, మాకూ చెప్పు అని ఒకటే ఏడుపు."

"నీ ఫోను చెడిపోయి నెలైంది కదబ్బా?"

"అందుకే పక్కింటికి చేసినారు. ఇది యాడికో పాకింది కుప్పమ్మా. సూళ్లూరుపేట కాడ రాకెట్లు ఎగరేస్తారే, వాళ్లు జీపేసుకుని వచ్చేసినారు. చందమామ ఎంత దూరమో మా కాడ ఒక లెక్క ఉండాది, నీ గీతతో రవంత సరిచూసి పెట్టు అన్నారు. నా మానిటరు పద్నాలుగు అంగుళాలు, చందమామ దాంట్లో యాడ పడతాది? కిటికీ తెరిచినా. మౌసు పట్టుకుని లాగితే గీత గాజు దాటింది, కిటికీ దాటింది, తోపుల మీదుగా పోతా ఉండాది, పోతానే ఉండాది. రెండు గంటలు లాగినాను. చెయ్యి వాచిపోయింది. ఆఖరికి టక్కుమని తగిలింది. సూస్తే వాళ్ల లెక్కకూ నా లెక్కకూ మూడు వేళ్లు తేడా!"

ప్రేమానందానికి బస్సు సంగతే మరుపున పడింది. "తప్పు ఎవరిదన్నా?"

"చందమామదే. ఆ పొద్దు రవంత ఇవతలికి జరిగి ఉండాది."

ప్రేమానందం పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే గోడ గడియారం చూశాడు. మూడున్నర. నవ్వు ఆగిపోయింది.

అప్పుడే పక్క అంగట్లో జాకెట్లు కుట్టే నందిని విసవిసా వచ్చింది.

"యోగానందన్నా, నా టేపు ఇస్తావా ఇయ్యవా? రెండు పెళ్లి జాకెట్లు ఆగిపోయినాయి."

"ఏం టేపుమ్మా?"

"లేబులు కొలవాలని కంప్యూటరు గాజు మీద పెట్టినావే, ఆ టేపు! గాజులో మొత్తం పట్టలేదని సగం కొలిచి, బొమ్మ జరిపి, మిగతా సగం కొలిచినావు. ఆ కొస పట్టుకునింది నేనే కదా. ఎక్కువ వస్తా ఉండాదని బొమ్మను కుదించి కుదించి పదమూడు చేసినావు."

 ప్రేమానందం లేచి యోగానంద చంకలోంచి చుట్ట లాగేసుకున్నాడు. డబ్బాకు చుట్టాడు. రెండు కొసలూ కలవలేదు. మధ్యలో మూడు వేళ్ల వెడల్పున తగరం తళతళా మెరుస్తోంది. 

నందిని చూసి తల కొట్టుకుంది. "గాజులో బొమ్మను ఎంత కావాలంటే అంత పెద్దది చేసి చూస్తావు కదన్నా, దాని మీద ఎవరైనా టేపు పెడతారా? పోయిన వారం నలభై అడుగుల కటౌటు గీసేటప్పుడు, అడుగుకు ఒక అంగుళం అని కంప్యూటరుకు చెప్పుకున్నావు. మళ్లీ మార్చినావా? మేమూ కుట్టు క్లాసులో నోటు పుస్తకంలో చిన్నగానే గీసి, పక్కన అసలు కొలత రాస్తాము. పదమూడు అడుగులని అది చూపించింటే, కాగితం మీద పదమూడు అంగుళాలు ఉన్నట్టే. గీతకు ఏ రోగమూ లేదు."

ప్రేమానందం ఇంక అన్నా అని కూడా పిలవలేదు. యోగానంద రెక్క పట్టుకుని అంగట్లోకి లాక్కుపోయాడు. కటౌటు లెక్క తీసేసి, లేబులును మళ్లీ సాగదీసి, కొలత గీత పదమూడు అంగుళాలని చూపించాకే ప్రింటు తీయించాడు. నలిగితే నలిగిందని డబ్బాకు చుట్టి చూశాడు. కొసకు కొస కలిసింది. చిత్తూరు బస్సు కదులుతుండగా పరిగెత్తి కండక్టరు చేతికి అందించి, రోడ్డు పక్కనే గొంతుక్కూర్చుండిపోయాడు. ఉద్యోగం నిలిచిందన్న సంతోషంతో అతనికి కళ్లు చెమర్చాయి.

తిరిగొచ్చేసరికి యోగానంద అదే బల్ల మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

"సూసినారా? నా గీత తప్పు చెప్పదని నేను ముందే అనలా?"

కుప్పమ్మ, ప్రేమానందం సంచిలోని డబ్బా తీసి, బల్ల మీద మిగిలిపోయిన పొట్టి లేబులును దానికి చుట్టి, తగరం మెరిసే సందు చూపిస్తూ అతని ముందు పెట్టింది.

"చందమామ మూడు వేళ్లు ఇవతలికి జరిగిందంటివే నాయనా, అది వచ్చి కూర్చునింది ఈడనే. సూసుకో."