రోబోకి తలుపేదీ?

దెందులూరులో అత్తగారు ప్రార్థన కూటానికి వెళ్లిన సాయంత్రం, కోడలు పాపను ఒళ్లో జోకొడుతూ పిల్లల రోబో కార్టూన్ గురించి టీవీ చానల్‌కి ఉత్తరం చెబుతోంది. వట్లూరు కాలేజీలో చదివే ఆడపడుచు కార్డు మీద రాస్తోంది. గేటు చప్పుడైనప్పుడల్లా కోడలి చెయ్యి ఆగిపోతోంది.

“కొత్త రోబో బొమ్మలు బాగున్నాయని రాయనా వదినా?”

“రంగులు బాగున్నాయని రాయి. కథ మాత్రం పాతదే నయం.”

“ఎందుకో చెప్పండి. లేకపోతే ఎవరో ముసలమ్మ రాసిందనుకుంటారు.”

“పాతదాంట్లో లోపల కూర్చున్న పిల్లే రోబోని నడిపేది. ఎటు కావాలంటే అటు. ఇప్పుడు అదే నడుస్తోంది. ఈ పిల్ల ఊరికే కూర్చుంటోంది.”

“హాయి కదండీ!”

“పదో తరగతి ప్రైవేటుగా కడతానంటే మీ అన్నయ్యా ఇదే మాటన్నారు. ఇంట్లో హాయిగా కూర్చోక నీకెందుకూ అని.”

“అదీ రాసేయనా?”

“అమ్మో, వద్దు! ఇది రాయి. పాత రోబోకి గుండె దగ్గర తలుపుండేది. కొత్తదానికి తలుపెటుందో ఒక్కసారీ చూపించలేదు. మరి ఆ పిల్ల దిగేదెలాగండీ అని అడుగు.”

“అడిగాను. పేరు?”

“నాదే రాయి. ఉత్తరాలు చదివే టైముకి అత్తయ్యగారు టీవీ దగ్గర ఉండరులే.”

“ఏ తరగతో కూడా రాయాలంట. పిల్లల ప్రోగ్రామ్ కదా.”

ఆమె ఒకసారి గేటు వైపు చూసింది.

“తొమ్మిది.”

“అబద్ధం కదా వదినా?”

“కాదమ్మా. ఇంకా అక్కడే ఉన్నాను.”