తలుపు తెరిచే ఉంది

వినుకొండ దగ్గర మిరప బస్తాలు నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీ. మధ్యాహ్నం, మూడో నంబరు గది లోపల ఇద్దరు: ఇక్కడ పనిచేసే ఖాదర్, కంప్యూటరు పని మీద వచ్చిన జ్యోతిర్మయి.

"బెల్లు మళ్ళీ నొక్కండి ఖాదర్ గారూ."

"నొక్కుతానే ఉన్నా మేడం. మోగితేగా!"

"తలుపు కొడితే?"

"చేతులు వాచినయ్. ఫోన్లకా, లోపల సిగ్నలే లేదు. ఈ తలుపు మందం జానెడుంది. పక్కనే మనిషుంటే తప్ప గట్టిగా వినపడదు. బస్తాలు మోసే ముఠా వాళ్ళంతా భోజనాలకెళ్ళారు, రెండింటికి గానీ రారు."

"ఇప్పుడెంత?"

"ఒకటీ పది. ఇదుగో, ఈ గోతాం కప్పుకోండి. లోపల ఐదు డిగ్రీలు."

"లోపల్నుంచి తీసుకునే గొళ్ళెం ఉండాలి కదా?"

"ఉండేది. మీవాళ్ళు కరెంటు తాళం పెట్టినప్పుడు పీకేశారు. ఇక అంతా కంప్యూటరే చూసుకుంటదన్నారు. ఆ ప్రోగ్రాం రాసింది మీరేగా, జ్యోతిర్మయి గారూ?"

"నేనే."

"సరేలెండి, భయపడకండి. మేనేజరు శ్రీమన్నారాయణ గారు ఆఫీసులో స్క్రీను ముందే భోంచేస్తారు. తలుపు మూసుకుపోయిందని కనపడగానే వస్తారు."

"కనపడదండీ."

"అదేంటి?"

"తలుపు తెరిచే ఉందని చూపిస్తూ ఉంటుంది."

"మూసుంటే తెరిచుందనా? ప్రోగ్రాం తప్పు రాశారా ఏంటి?"

"అక్షరం తప్పు రాస్తే అది అసలు మొదలే అవదు, వెంటనే దొరికిపోతాం. ఇది వేరు. రాసిందంతా సరిగ్గానే ఉంటుంది. నడిచేటప్పుడు అనుకోనిది జరుగుతుంది. వైరు తెగుద్ది, తలుపు దగ్గర సెన్సారు పలకదు. దాన్ని ఎక్సెప్షన్ అంటాం. అట్లా జరిగితే ఏం చెయ్యాలో మేమే ముందు రాసిపెట్టాలి."

"రాశారా?"

"రాశాను."

"ఏమని?"

"పట్టించుకోవద్దని."

"అంటే?"

"సెన్సారు పలక్కపోతే గొడవ చెయ్యకుండా, చివరిసారి ఎట్లా ఉందో అదే చూపించమని. మనం వచ్చినప్పుడు తెరిచుంది కదా. అదే చూపిస్తుంది. బెల్లు పలక్కపోయినా అంతే, పట్టించుకోదు."

"ఎందుకమ్మా అట్లా..."

"చలికి సెన్సారు రోజుకి పదిసార్లు ఆగిపోయేది. ఆగినప్పుడల్లా అలారం. మేనేజరు గారు ఫోను చేసి ఒకటే కేకలు. కొత్త సెన్సార్లు వచ్చేదాకా అని..."

"వచ్చినయ్యా?"

"అలారం ఆగిపోయిందిగా. ఇక ఎవరూ అడగలేదు."

"ఆగండి. ఆగండాగండి. మరి అంకమ్మ? కాయలు ఏరే అంకమ్మ. పోయిన నెల ఇదే గదిలో గంటసేపు ఇరుక్కుపోయానని ఏడ్చింది. స్క్రీన్లో తలుపు తెరిచే ఉందాయె. పని ఎగ్గొట్టి పడుకుందని మాన్పించేశారు. తెలుసా మీకు?"

"తెలుసు. కంప్లయింటు నాకే పంపారు."

"ఏం చెప్పారు?"

"ఏ లోపమూ నమోదు కాలేదని."

"కాలేదా మరి?"

"నమోదు చెయ్యొద్దని రాసింది నేనే కదా. ఆమె చెప్పేది నిజమని నాకు అప్పుడే తెలుసండీ. ఉద్యోగం పోద్దని..."

"ఆడమనిషిని దొంగని చేశారు గదమ్మా! ఆ రోజు వేళ్ళు వంగక అన్నం ముద్ద పట్టుకోలేకపోయింది!"

"ఖాదర్ గారూ, తలుపు అవతలే అడుగుల చప్పుడు! కొట్టండి, గట్టిగా కొట్టండి!"

"శ్రీమన్నారాయణ గారూ! లోపలున్నాం! తలుపు తియ్యండి!"

"ఇదుగో, తీశాను. ఏందయ్యా ఖాదర్ ఈ గోల? మేడం గారికి తెప్పించిన భోజనం చల్లారిపోతుందని వస్తే... స్క్రీన్లో తలుపు తెరిచే ఉంది గదా! ఇంతసేపు లోపలేం చేస్తున్నారు?"

"ఇరుక్కుపోయాం సార్."

"స్క్రీన్లో తెరిచున్న తలుపు వెనక ఇరుక్కోవడమేంటి మేడం?"

"అంకమ్మనీ ఇట్లాగే అడిగారు కదా సార్? ఆమె చెప్పిందే నిజం. స్క్రీను అబద్ధం. ఆ అబద్ధం చెప్పించింది నేను. కాగితం ఇవ్వండి, సంతకం పెట్టి రాసిస్తాను. ఆమెని మళ్ళీ పిలిపించండి."

"చలికి మతి పోయిందా మీకు? ముందు ఇవతలికి రండి, ఎండలో కూర్చోండి."

"కాగితం ఇవ్వండి సార్."

"అందులో నా పేరు కూడా రాయమ్మా."

"మీదెందుకు ఖాదర్ గారూ? మీరేం చేశారు?"

"ఆ రోజు ఆఫీసులో కూర్చుంది నేను. తలుపు కొడుతున్న చప్పుడు సన్నగా వినపడింది. లేచాను. స్క్రీను చూశాను. మళ్ళీ కూర్చున్నాను."