పద్నాలుగు కిలోల తేడా

గొర్రెల దొడ్డి. మిట్ట మధ్యాహ్నం. మొన్న మంద మొత్తానికీ నట్టల మందు పట్టారు. భర్త పార కడుక్కుని వచ్చాడు. భార్య గేటు పక్కన గొర్రెల్ని తూచే కాటా దగ్గర నిలబడి ఉంది.

"పదకొండో గొర్రెపిల్లని కూడా పూడ్చేశాను. ఇక ఆ కాటా నట్లు విప్పు. కొట్టువాడికి వెనక్కిచ్చేద్దాం."

"పిల్లలు చస్తే కాటా ఏం చేసింది బావా?"

"అంతా అదే చేసింది. ఇన్నేళ్లూ కంటితో అంచనా కట్టి మందు పట్టాం. మా నాన్నా అంతే. ఒక్క పిల్లా ఇలా నురగ కక్కుకుని చావలేదు. నీ ఇనప రాణి కాలు పెట్టింది, దొడ్డి ఖాళీ."

"కంటి అంచనాతో పెద్దవాటికి మందు చాలడం లేదని, కడుపులో నట్టలు అందుకే చావడం లేదని పశువుల డాక్టరు నీ ముందే చెప్పాడు. అందుకేగా రెండు పొట్టేళ్లనమ్మి దీన్ని తెచ్చుకున్నాం."

"రెండు పొట్టేళ్లు పోయె, పదకొండు పిల్లలు పోయె. బాగా గిట్టుబాటయింది."

"ఎకసెక్కాలు తర్వాత. పోయినవన్నీ పిల్లలే. పెద్దది ఒక్కటీ పడిపోలేదు. ఎందుకని?"

"నాకేం తెలుసు."

"నేను బరువు చదివాను, నువ్వు మందు పట్టావు. నాలుగు కిలోలకి ఒక ఎమ్మెల్. మన చుక్కపిల్ల పన్నెండు కిలోలు. దానికెంత పట్టావు?"

"పట్టాల్సినంత."

"అంటే మూడు."

"దాహంగా ఉంది. నీళ్లివ్వు."

"ఇస్తాను. మూడేగా?"

"ఆరున్నర."

"ఎంతా?"

"ఆరున్నర పట్టానే. నీ కాటా తక్కువ చూపిస్తోంది. పద్నాలుగు కిలోలు తక్కువ. అందుకని ప్రతిదానికీ ఆ పద్నాలుగూ కలుపుకుని పట్టాను."

"తక్కువ చూపిస్తోందని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? బిగించిన రోజే ఎక్కి చూశాను. నా బరువు డెబ్బై. పోయినేడు దాణా కొట్లో తూగాను, అక్షరాలా డెబ్బై. ఇదేమో యాభై ఆరు అంది."

"బిగించి నెలయింది. నాతో ఒక్క మాట అనలేదు."

"ముచ్చటపడి కొనుక్కున్నావు. మనసు నొచ్చుకుంటావని..."

"చుక్కపిల్లకి నేను సీసాతో పాలు పట్టాను బావా. నా ఒళ్లోనే కాళ్లు కొట్టుకుని పోయింది."

"తెలుసు."

"తెలిసీ ఆడలేక మద్దెల ఓడంటున్నావు. ఆ దాణా బస్తా ఇటు లాగు."

"దేనికి?"

"కుట్టు విప్పని బస్తా, యాభై కిలోలు. కాటా మీద పెట్టు."

"నా వల్ల కాదు. నడుం పట్టేసింది."

"పోయినేడు ఒక్కడివే భుజాన వేసుకొచ్చేవాడివి. సరే, చెరో పక్కా పట్టుకుందాం. ఊఁ. ఎంతుంది?"

"యాభై."

"రెండోది కూడా."

"ఎందుకే..."

"పట్టు. ఇప్పుడెంత?"

"వంద."

"కాటా తప్పా?"

"అయితే నేనే చంపానా వాటిని? పదకొండింటినీ?"

"ఇద్దరం చంపాం. మందు ఎంత పట్టావని నేనూ అడగలేదు."

"నా చేతులు విరిచెయ్యాలి. చిన్నవాటికీ పెద్దవాటికీ ఒకే పద్నాలుగు కలిపితే ఏమవుతుందో చూసుకోవద్దూ. పన్నెండు కిలోల దానికి..."

"ఆగు బావా. కాటా సరైందే అయితే..."

"అయితే ఏంటి?"

"బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం ఎప్పుడు పొడిచావు?"

"ఎప్పుడో. పిల్లలు ఇలా పోతుంటే ముద్ద దిగుతుందా?"

"పిల్లలు నిన్న పోయాయి. నువ్వు చలికాలం నుంచీ కంచంలో సగం వదిలేస్తున్నావు. అరగడం లేదంటావు, అలా పడుకుంటావు."

"మొదలెట్టావా. నాకేం, దున్నలా ఉన్నాను."

"కాటా ఎక్కు."

"వద్దులే. పనుంది."

"ఎక్కు. చెప్పులు విప్పు. ఆ కమ్మీ పట్టుకోకు, చేతులు కిందికి దించు."

"ఎంతుంది? నాకిక్కణ్ణించి అంకె కనపడదు."

"కదలకు."

"కదలట్లేదే. ఎంత? ఆ రోజు యాభై ఆరు."

"యాభై..."

"యాభై ఎంత?"

"మూడు."

"మూడా? సరిగ్గా చూడు."

"చూశాను. దిగు బావా. నువ్వు చెప్పిందే నిజం. ఇది తప్పుడు కాటా. రేపే వెనక్కిచ్చేద్దాం."